రాత్రిపూట సర్వర్ గుయ్‌మంటోంది, ఫ్యాన్లు మార్చినా తగ్గలేదు

#1 మెలకువ (ఆదివారం, రాత్రి 11:52)

అందరికీ నమస్కారం. పడకగది మూలలో ఒక సర్వర్ పెట్టుకున్నాను. మిడ్ టవర్ కేసు, నాలుగు 7200 ఆర్‌పీఎం హార్డ్ డిస్కులు, వాటి మీద జెడ్‌ఎఫ్‌ఎస్ (డిస్కులన్నిటినీ కలిపి ఒకే నిల్వగా నడిపే ఫైల్ సిస్టమ్). పదేళ్ల ఇంటి ఫొటోలు, పోయిన మా నాన్నగారి గొంతు రికార్డు చేసుకున్న ఫైళ్లు, నా పనికి సంబంధించినవి అన్నీ అందులోనే ఉన్నాయి.

పగలు అది ఉన్నట్టే తెలియదు. రాత్రి లైటు ఆర్పాక "గుఁయ్" అని మోత మొదలవుతుంది. ఒకే తీరుగా ఉంటే అలవాటు పడేవాడినేమో. ఇది మెల్లగా పెరుగుతుంది, తగ్గుతుంది, మళ్లీ పెరుగుతుంది. ఆరేడు సెకన్లకోసారి. చెవి ఒకసారి దాన్ని పట్టుకుందంటే ఇక నిద్ర రాదు, తర్వాతి అల ఎప్పుడొస్తుందా అని లెక్కపెట్టుకుంటూ పడుకోవాల్సిందే.

పాత 120 ఎంఎం ఫ్యాన్లు మూడూ తీసేసి 140 ఎంఎంవి పెట్టాను, 600 ఆర్‌పీఎం దగ్గర కట్టేశాను. సీపీయూకి పెద్ద టవర్ కూలర్ వేశాను. ఆ మోతలో మాత్రం మార్పు లేదు. ఇంకో సంగతి, కుర్చీలో కూర్చుంటే దాదాపు వినబడదు, తలగడ మీద తల పెడితే గట్టిగా వినబడుతుంది. లోపల ఫోమ్ అతికించిన కేసు కొంటే పోతుందా?

#2 పాతటవర్ (సోమవారం, ఉదయం 6:30)

ఫోమ్ కేసు ఇప్పుడే కొనకండి. మీరు చెప్పినదాంట్లోనే జవాబు ఉంది.

7200 ఆర్‌పీఎం అంటే నిమిషానికి 7200, సెకనుకు 120 తిరుగుళ్లు. తిరిగే పళ్లేల బరువులో రవ్వంత తేడా ఉన్నా డిస్కు 120 హెర్ట్జ్ దగ్గర అదురుతుంది. ఒక్క డిస్కే అయితే ఆ మోత నిలకడగా ఉంటుంది. రెండోది చేరితే రెండూ అచ్చంగా ఒకే వేగంతో తిరగవు. ఒకటి 120, ఇంకోటి 120.15 అనుకోండి. కాసేపు రెండు అదుర్లూ కలిసి బలపడతాయి, కాసేపు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. తేడా 0.15 కాబట్టి ఆరున్నర సెకన్లు దాటాక ఒక పొంగు వస్తుంది. తంబూరా శ్రుతి చేస్తున్నప్పుడు రెండు తీగలూ దాదాపు కలిసి, ఇంకా పూర్తిగా కలవని క్షణంలో వినబడే అల ఉంటుంది చూడండి, అదే ఇది. ఫ్యాన్ల హోరు ఇలా ఉండటం అరుదు, అందులో గాలి చప్పుడు కలిసి ఉంటుంది.

ఇక తలగడ సంగతి. 120 హెర్ట్జ్ ధ్వని అల పొడవు దాదాపు 2.86 మీటర్లు. అది గోడకు తగిలి తిరిగొచ్చి, గదిలో కొన్ని చోట్ల బలంగా, కొన్ని చోట్ల బలహీనంగా నిలబడిపోతుంది. బలమైన చోటికీ బలహీనమైన చోటికీ మధ్య దూరం 70 సెంటీమీటర్లే. మీ కుర్చీ ఒకదాంట్లో పడింది, మీ తల ఇంకోదాంట్లో పడింది. దాదాపు మూడు మీటర్ల అలను అర సెంటీమీటరు ఫోమ్ ఏం చేస్తుంది? ఫోమ్ పట్టుకునేది కీచుగా ఉండే చప్పుళ్లని. ఈ మోత గాలిలో పుట్టింది కాదు, రేకులోంచి వస్తోంది.

ఈ రాత్రి ఒక పని చేయండి. మోత పెరిగే వేళకి కేసు పక్క రేకు మీద అరచేయి ఆన్చి గట్టిగా నొక్కండి. చప్పుడు తగ్గితే ఆ రేకే మీ స్పీకర్. తర్వాత జెడ్‌ఎఫ్‌ఎస్ పూల్‌ని (నాలుగు డిస్కులూ కలిసిన నిల్వని) ఎక్స్‌పోర్ట్ చేసి, అంటే వాడకంలోంచి తీసి, హెచ్‌డీపార్మ్ కమాండ్‌తో డిస్కుల్ని ఒక్కొక్కటిగా స్టాండ్‌బైలోకి పంపి, అంటే తిరగడం ఆపి, వినండి. ఏ రెండింటి మధ్య అల పుడుతోందో తెలిసిపోతుంది. నడుస్తున్న డిస్కు కేబుల్ మాత్రం లాగొద్దు.

#3 గాలివాటం (సోమవారం, ఉదయం 9:14)

పాతటవర్ గారు చెప్పింది నిజం. అయినా మీరు ఫ్యాన్లు మార్చడం వృథా కాలేదు. ఫ్యాన్ వేగం సగానికి తగ్గిస్తే చప్పుడు 15 డెసిబెల్స్ దాకా తగ్గుతుంది, గాలి మాత్రం సగమే తగ్గుతుంది. అందుకే పెద్ద ఫ్యాన్ నెమ్మదిగా తిరగడం ఎప్పుడూ మేలు. రెండు ఒకేలాంటి ఫ్యాన్లు పక్కపక్కన పెడితే పెరిగేది 3 డెసిబెల్సే. ఒకటి వేగంగా తిప్పేకంటే రెండు నెమ్మదిగా తిప్పడం లాభం.

కంప్యూటర్ లేవగానే నడిచే బయాస్ సెట్టింగ్‌లలో ఫ్యాన్ కర్వ్‌తో (వేడిని బట్టి ఫ్యాన్ వేగం చెప్పే గీత) పాటు స్టెప్ అప్, స్టెప్ డౌన్ ఆలస్యం అని ఉంటాయి, వేగం పెంచే ముందు, తగ్గించే ముందు ఎంతసేపు ఆగాలో చెప్పేవి. అవి చాలామంది ముట్టుకోరు. సీపీయూ ఒక్క సెకను వేడెక్కగానే ఫ్యాన్ ఎగిసిపడి, మళ్లీ పడిపోయి, మళ్లీ ఎగిసిపడటం ఉంటుందే, ప్రాణం తీస్తుంది. నిలకడగా ఉన్న హోరును చెవి కాసేపటికి వదిలేస్తుంది, మారేదాన్ని వదలదు. ఆ ఆలస్యాన్ని బోర్డు ఇచ్చినంత ఎక్కువ పెట్టండి. పెద్ద కూలర్ లోహం ఆ కాసేపటి వేడిని తనలోనే దాచుకుంటుంది.

#4 మెలకువ (సోమవారం, రాత్రి 11:38)

చేతికి తెలిసింది! పక్క రేకు మీద వేళ్ల కొసలు ఆన్చగానే సెల్‌ఫోన్ వైబ్రేషన్ లాంటి అదురు, అది కూడా చెవికి వినబడుతున్న లయలోనే పెరిగి తగ్గుతోంది. అరచేత్తో నొక్కితే చప్పుడు సగానికి పైగా పోయింది. చెయ్యి తీశాను, మళ్లీ వచ్చింది. పది సార్లు చేసి చూసుకున్నాను.

డిస్కుల్ని ఒక్కొక్కటే ఆపి చూశాను. రెండోది, నాలుగోది కలిసి తిరిగినప్పుడే ఆ అల వస్తోంది. రెండోదాన్ని ఆపితే సన్నటి నిలకడ మోత మిగిలింది, దానితో హాయిగా నిద్రపోవచ్చు.

కేసు కింద మందపాటి స్పాంజి ముక్క పెట్టి చూశాను, ఇంకొంత తగ్గింది. అంటే చెక్క బల్ల కూడా మోగుతోందన్నమాట. ఇన్నాళ్లూ ఫ్యాన్ల వెంట పడ్డాను.

#5 పాతటవర్ (మంగళవారం, ఉదయం 6:12)

స్పాంజి తాత్కాలికంగానే ఉంచండి. పవర్ సప్లై కిందినుంచి గాలి తీసుకునే కేసు అయితే స్పాంజి ఆ జాలీని మూసేస్తుంది. నాలుగు కాళ్ల కింద నాలుగు మెత్తటి రబ్బరు ముక్కలు చాలు.

#6 రబ్బరువాషర్ (మంగళవారం, ఉదయం 10:45)

నేను ఎనిమిదేళ్లుగా డిస్కుల్ని వేలాడదీసే నడుపుతున్నాను. 5.25 అంగుళాల బే (సీడీ డ్రైవ్ పెట్టే అర) ఖాళీగా ఉంటే చాలు. గుడ్డ తొడుగు ఉన్న ఎలాస్టిక్ తాడు తీసుకుని, బే రెండు గోడల మధ్య ముందొక మెలి, వెనకొక మెలి వేసి, డిస్కును అడ్డంగా ఆ రెండు మెలికల మధ్య కూర్చోబెడతాను. గోడలకు ఎక్కడా తగలకూడదు, చుట్టూ వేలెడు సందు ఉండాలి. అదురు రేకుకి చేరే దారే ఉండదు. మామూలు రబ్బరు బ్యాండ్లు వాడొద్దు, వేడికి ఎండి పుటుక్కున తెగిపోతాయి.

ఒక్క జాగ్రత్త. స్క్రూతో బిగించిన డిస్కు తన వేడిని కొంత రేకుకి ఇస్తుంది, వేలాడేది ఇవ్వలేదు. నాకు 36 డిగ్రీలు ఉండేది 43కి ఎక్కింది. ముందు 500 ఆర్‌పీఎం ఫ్యాన్ ఒకటి పెట్టాక 38కి దిగింది. కంప్యూటర్‌ని కదిలించాలంటే ముందు డిస్కు బయటికి తీయాలి.

#7 లాగ్‌బుక్ (మంగళవారం, మధ్యాహ్నం 1:20)

రబ్బరువాషర్ గారి అనుభవం మీద గౌరవం ఉంది. కానీ నాలుగు డిస్కుల పూల్‌కి ఇది సలహా ఇవ్వను. డేటా చదివి రాసే హెడ్‌ని మోసే చెయ్యి ఒక వైపు విసురుగా తిరిగితే, ఆ విసురుకు డిస్కు ఒళ్లు రెండో వైపు తిరగబోతుంది. గట్టి ఫ్రేములో ఉంటే ఆ తిరుగుడు అక్కడే ఆగుతుంది. తాడు మీద ఊగుతుంటే హెడ్ తన ట్రాక్ మీద కుదురుకోవడానికి ఇంకాస్త సమయం పడుతుంది, కొన్నిసార్లు మళ్లీ చదవాల్సి వస్తుంది. ఒకటో రెండో డిస్కులు, అప్పుడప్పుడు వాడకం అయితే ఫర్వాలేదు. రాత్రంతా స్క్రబ్ (డేటా మొత్తం చదివి సరిచూసే పని) నడిచే పూల్‌కి మధ్యేమార్గం మంచిది: స్క్రూకీ రేకుకీ మధ్య వేసే మెత్తటి రబ్బరు గ్రోమెట్లు, స్క్రూ మరీ బిగించకుండా, రబ్బరు నలిగేదాకా తిప్పకుండా. రెండో డిస్కునీ నాలుగో డిస్కునీ ఒకే కేజ్‌లో (డిస్కులు బిగించే చట్రంలో) ఉంచకుండా విడదీస్తే సగం సమస్య పోతుంది.

ఇవేవీ అక్కర్లేని దారి ఒకటుంది, చెప్పనివ్వండి. సర్వర్ పడకగదిలో ఎందుకుండాలి? రాగి ఈథర్నెట్ కేబుల్ 100 మీటర్ల దాకా పనిచేస్తుంది. తలుపు అవతల గాలి ఆడే చోటు ఏదైనా ఉంటే డిస్కులన్నీ అక్కడికి పంపేయండి. దూరాన్ని మించిన సైలెన్సర్ లేదు. మూసేసిన అల్మారాలో మాత్రం పెట్టొద్దు, గంటలో అది పొయ్యి అవుతుంది.

#8 రబ్బరువాషర్ (మంగళవారం, మధ్యాహ్నం 2:05)

నావి రెండే డిస్కులు, అదీ ఒకేసారి ఒకరు వాడేవి. నాలుగింటికి గ్రోమెట్లే సరైనవి, ఒప్పుకుంటాను.

#9 కొత్తగాచేరాను (మంగళవారం, రాత్రి 8:40)

వాడనప్పుడు డిస్కులు ఆగిపోయేలా పెడితే సరిపోదా అండీ? రాత్రి ఎవరూ వాడరు కదా.

#10 లాగ్‌బుక్ (మంగళవారం, రాత్రి 9:31)

రాత్రి ఒక్కసారి ఆగి పొద్దున్న ఒక్కసారి లేస్తే ఇబ్బంది లేదు. అసలు గొడవ ఎక్కడంటే, ఆగనివ్వని పని ఏదో ఒకటి ఉంటుంది. లాగ్ రాసే ప్రోగ్రామో, థంబ్‌నెయిళ్లు చేసేదో పదినిమిషాలకోసారి డిస్కును తట్టి లేపుతుంది. అప్పుడు మోటార్ ఆగి, లేచి, ఆగి, లేచి నిద్ర ఇంకా చెడుతుంది. పూల్ నాలుగు డిస్కులూ ఒకదాని తర్వాత ఒకటి గర్రుమని లేస్తాయి.

హెడ్ పార్కింగ్ ఇంకో రకం. కొన్ని డిస్కులు కొన్ని సెకన్లు పనిలేకపోతే పళ్లేలు తిరుగుతుండగానే హెడ్‌ని పక్కకి తీసి పెడతాయి. టిక్ అని చిన్న చప్పుడు వస్తుంది. డిస్కు తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే స్మార్ట్ పట్టికలో 193వ వరస ఆ లెక్క చూపిస్తుంది. డిస్కుకు 3 లక్షల సార్లు అని రాసి ఉందనుకోండి. అరనిమిషానికోసారి పార్క్ అయితే రోజుకి 2,880. నూట నాలుగు రోజుల్లో కోటా అయిపోతుంది! కొత్త డిస్కు పెట్టిన వారానికి ఆ అంకె తప్పక చూడండి, మరీ పరిగెడుతుంటే పవర్ మేనేజ్‌మెంట్ సెట్టింగ్ మార్చండి. సిస్టమ్, లాగ్‌లు, డేటాబేస్‌లు అన్నీ తిరిగే భాగాలు లేని ఎస్‌ఎస్‌డీ మీదికి మార్చాకే డిస్కుల్ని నిద్రపుచ్చే ఆలోచన చేయాలి.

#11 గాలివాటం (బుధవారం, ఉదయం 7:50)

పుట్టని వేడిని బయటికి తోయక్కర్లేదు. సీపీయూ పవర్ లిమిట్‌ని బయాస్‌లో తగ్గించి చూడండి. ఫైళ్లు వడ్డించే సర్వర్‌కి తేడా తెలియనే తెలియదు. ఏడాది పొడవునా నడిచే మెషీన్‌లో ఒక్క వాట్ తగ్గితే ఏడాదికి 8.76 యూనిట్ల కరెంటు మిగులుతుంది.

#12 మెలకువ (గురువారం, రాత్రి 10:15)

గ్రోమెట్లు వేశాను, రెండో డిస్కును పై కేజ్‌కి మార్చాను. అల దాదాపు పోయింది. చెవి రేకుకి ఆనిస్తే తప్ప వినబడదు.

కానీ ఇప్పుడు కొత్త టెన్షన్. ఈ సాయంత్రం స్మార్ట్ చూస్తే రెండో డిస్కుకు 199వ వరసలో 212 ఉంది. నిన్న సున్నా. డిస్కు పోతోందా? చేతులు ఆడట్లేదు. దయచేసి ఎవరైనా చెప్పండి.

#13 పాతటవర్ (గురువారం, రాత్రి 10:22)

కంగారు పడకండి. 199 డిస్కు పళ్లేల సంగతి కాదు, డిస్కుకీ బోర్డుకీ మధ్య దారిలో డేటా చెడిందని చెప్పే లెక్క. డిస్కు చోటు మార్చారు, సాటా కేబుల్ లాగి వంచి పెట్టి ఉంటారు. మెషీన్ ఆపి, వేరే కేబుల్ వేసి, క్లిక్‌మనేదాకా నొక్కండి. ఆ 212 ఎప్పటికీ తిరిగి సున్నా కాదు, 212గానే ఆగిందా లేదా అన్నదే చూడాలి. తర్వాత ఒకసారి స్క్రబ్ నడపండి.

భయపడాల్సినవి 5, 197, 198. చెడి మార్చిన సెక్టార్లు, చదవలేక అనుమానంలో పెట్టినవి, అసలు చదవలేకపోయినవి. అవి పెరుగుతుంటే ఆ రోజే కొత్త డిస్కు చూసుకోవాలి.

#14 మెలకువ (గురువారం, రాత్రి 11:47)

కేబులే! కొత్తది వేశాను. గంట నుంచి స్క్రబ్ నడుస్తోంది, 212 దగ్గరే ఉంది, చెక్‌సమ్ తప్పులు సున్నా. పాతటవర్ గారూ, మీకు ఎలా థ్యాంక్స్ చెప్పాలో తెలియడం లేదు. నాన్నగారి ఫైళ్లు గుర్తొచ్చి ఊపిరి ఆగినంత పనైంది.

#15 రెండోకాపీ (శుక్రవారం, ఉదయం 8:03)

మెలకువ గారూ, నాన్నగారి గొంతు అన్నారు కాబట్టి అడుగుతున్నాను. ఆ ఫైళ్లు ఆ కేసు బయట ఇంకెక్కడైనా ఉన్నాయా?

నాలుగు డిస్కుల పూల్ ఉంది కదా అనొద్దు. అది ఒక డిస్కు పోతే పని ఆగకుండా చూస్తుంది, అంతే. పొరపాటున ఫోల్డర్ చెరిపేస్తే నాలుగింట్లోనూ ఒకేసారి పోతుంది. పవర్ సప్లై చెడి అధిక వోల్టేజీ పంపితే నాలుగూ ఒకేసారి పోతాయి. గూగుల్ తన డేటా సెంటర్లలోని డిస్కుల మీద 2007లో ప్రచురించిన పరిశీలనలో, చెడిపోయిన డిస్కుల్లో 56 శాతానికి పైగా వాటిలో ముఖ్యమైన నాలుగు స్మార్ట్ లెక్కల్లో ఒక్కటి కూడా సున్నా దాటలేదు. అంటే సగానికి పైగా డిస్కులు ముందుగా చెప్పకుండానే పోయాయి.

మూడు కాపీలు, రెండు రకాల పరికరాల మీద, ఒకటి ఇంటి బయట. ఏదో ఒక సెలవు రోజు బ్యాకప్‌లోంచి ఒక ఫైలు వెనక్కి తెచ్చి, తెరిచి, వినండి. తెరిచి చూడని బ్యాకప్‌ని నేను బ్యాకప్ అని లెక్కపెట్టను.

#16 మెలకువ (శుక్రవారం, ఉదయం 8:30)

లేవు. ఈ ఆదివారమే మా చెల్లెలి ఇంట్లో ఒక డిస్కు పెడతాను.

#17 లాగ్‌బుక్ (శుక్రవారం, రాత్రి 9:10)

మోత పోయింది కాబట్టి ఇప్పుడు చెప్పాల్సిన మాట ఒకటుంది. ఈ వేదికలో చప్పుడు తగ్గించుకున్నవాళ్లలో చాలామంది దీన్ని వదిలేస్తున్నారు, నాకు బాధగా ఉంటుంది.

చప్పుడు చేసే కంప్యూటర్‌కి మన చెవే కాపలా. బేరింగ్ అరిగితే గరగర వినబడుతుంది, డిస్కు చెడబోతే కటకట వినబడుతుంది, దుమ్ము పట్టి వేడెక్కితే ఫ్యాన్ హోరెత్తుతుంది. అన్నీ నిశ్శబ్దం చేశాక ఆ కాపలా పోతుంది. 500 ఆర్‌పీఎం దగ్గర తిరుగుతున్న ఫ్యాన్‌కీ ఆగిపోయిన ఫ్యాన్‌కీ మీటరు దూరంలో తేడా తెలియదు. నా మెషీన్‌లో పై ఫ్యాన్ ఆగిపోయి నాలుగు నెలలైందని నాకు లాగ్ తిరగేస్తేనే తెలిసింది. స్లీవ్ బేరింగ్ ఫ్యాన్‌ని పడుకోబెట్టి బిగించాను, నూనె అంతా ఒక వైపు దిగిపోయి ఇరుసు పట్టేసింది. ఆ నాలుగు నెలలూ పవర్ సప్లై లోపలి కెపాసిటర్లు వేడిలో నానాయి. ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ విషయంలో మోటు లెక్క ఏమిటంటే, పది డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సగమవుతుంది. ఆ పవర్ సప్లై తర్వాతి వేసవి దాటలేదు.

కాబట్టి చెవి చేసిన పని ఇక సాఫ్ట్‌వేర్ చేయాలి. స్మార్ట్ లెక్కల్ని గమనించే స్మార్ట్‌డీ నడవాలి, వారానికి చిన్న పరీక్ష, నెలకి పొడవు పరీక్ష పెట్టాలి. నెలకోసారి స్క్రబ్. ఎల్‌ఎం-సెన్సర్స్ ప్రోగ్రామ్‌తో ప్రతి ఫ్యాన్ ఆర్‌పీఎం చదివి, 300 కంటే తగ్గితే మెయిల్ పంపే చిన్న స్క్రిప్ట్. డిస్కు వేడి 45 డిగ్రీలు దాటితే మెయిల్. ఇంకో ముఖ్యమైనది, అంతా బాగుంది అని వారానికోసారి ఒక మెయిల్ రావాలి. అది రాని వారం, మెయిల్ పంపే దారే తెగిందని తెలుస్తుంది.

సగం లోడ్ దాకా ఫ్యాన్ తిప్పని పవర్ సప్లైలు ఇంటికి మంచివే, కానీ కేసులో గాలి కదులుతూ ఉండాలి. అన్ని ఫ్యాన్లూ ఆపేసి సున్నా డెసిబెల్స్ అనిపించుకోవడం పదేళ్లు నడవాల్సిన సర్వర్‌కి తగదు.

#18 దూరంనుంచి (శనివారం, మధ్యాహ్నం 12:25)

నా అనుభవం కూడా రాస్తాను, ఎవరికైనా పనికొస్తుంది. ఊరు వెళ్లి పది రోజులు ఉండాల్సి వచ్చింది. మూడో రోజు ఇంట్లో కరెంటు చాలాసేపు పోయింది, యూపీఎస్ ఖాళీ అయింది, సర్వర్ ఆగింది. కరెంటు వచ్చాక దానంతటదే లేవాలి, బయాస్‌లో ఆ సెట్టింగ్ నా చేత్తో పెట్టాను. లేవలేదు. వచ్చి మానిటర్ తగిలిస్తే తేదీ తప్పుగా ఉంది, ఎఫ్1 నొక్కమని అడుగుతూ ఏడు రోజులుగా నిలబడి ఉంది. బోర్డు మీది సీఆర్2032 బటన్ బ్యాటరీ అయిపోయింది. ప్లగ్‌లో కరెంటు ఉన్నంతకాలం అది అయిపోయినట్టు తెలియదు, కరెంటు పూర్తిగా పోయిన రోజే సెట్టింగ్‌లన్నీ చెరిగిపోతాయి.

ఇప్పుడు ప్రతి ఐదేళ్లకీ ఆ బ్యాటరీ మారుస్తున్నాను. ఏడాదికోసారి సర్వర్‌ని పద్ధతిగా ఆపి, గోడ స్విచ్ తీసేసి, పావుగంట ఆగి, వేసి చూస్తాను.

#19 లాగ్‌బుక్ (శనివారం, మధ్యాహ్నం 1:02)

దీనికి అక్కచెల్లెలు లాంటిది ఇంకోటి. యూపీఎస్ బ్యాటరీ తగ్గింది, యూపీఎస్‌ని గమనించే ఎన్‌యూటీ ప్రోగ్రామ్ సర్వర్‌ని పద్ధతిగా ఆపింది. ఆ వెంటనే, యూపీఎస్ ఇంకా బతికుండగానే కరెంటు వచ్చేసింది. సర్వర్ దృష్టిలో కరెంటు అసలు పోనేలేదు, కాబట్టి లేవదు. అందుకే ఆగే చివరి క్షణంలో యూపీఎస్‌ని కూడా ఔట్‌పుట్ కట్ చేసి కాసేపాగి మళ్లీ ఇవ్వమని చెప్పాలి. ఎన్‌యూటీలో ఆ ఏర్పాటు ఉంది. మీ యూపీఎస్ దాన్ని పాటిస్తోందో లేదో ఇంట్లో ఉన్నప్పుడే పరీక్షించుకోండి. లెడ్ యాసిడ్ బ్యాటరీ మూడు నుంచి ఐదేళ్లు, దాని మీద కొన్న తేదీ మార్కర్‌తో రాసి పెట్టండి.

#20 మెలకువ (మూడు వారాల తర్వాత, ఆదివారం, రాత్రి 10:40)

ఇన్ని రోజులు రాయలేదు, క్షమించండి. మీరు చెప్పినవన్నీ చేశాకే రాద్దామనుకున్నాను.

చెల్లెలి ఇంట్లో డిస్కు పెట్టాను, రాత్రి రెండింటికి స్నాప్‌షాట్ (ఆ క్షణానికి ఫైళ్లన్నీ ఉన్న స్థితి) అక్కడికి వెళ్తోంది. పోయిన ఆదివారం అక్కడినుంచి ఒక రికార్డింగ్ తెచ్చుకుని మా అమ్మతో కూర్చుని విన్నాను. మొదటినుంచి చివరిదాకా. బటన్ బ్యాటరీ మార్చాను. స్మార్ట్‌డీ పెట్టాను, లాగ్‌బుక్ గారు చెప్పిన ఫ్యాన్ స్క్రిప్ట్ కూడా రాశాను. 199వ వరస ఇప్పటికీ 212.

నిన్న తెల్లవారుజామున మొదటి మెయిల్ వచ్చింది. ముందు ఫ్యాన్ 0 ఆర్‌పీఎం. స్క్రిప్ట్‌లోనే ఏదో తప్పు ఉంటుందనుకున్నాను, ఎందుకంటే గదిలో ఏ తేడా వినబడలేదు. టార్చ్ వేసి చూస్తే ఫ్యాన్ నిజంగానే నిలబడి ఉంది. నేను గ్రోమెట్లు వేసిన రోజు కట్టిన కేబుల్ టై తోక వదులై రెక్కకు అడ్డుపడింది. మెషీన్ ఆపి, తోక మొదలుదాకా కత్తిరించి, మళ్లీ ఆన్ చేశాను. 610 చూపిస్తోంది.